గోలీ పనిచేయలేదన్న మాటను ఎవరు రాసుకుంటారు?

సిరోంచ తాలూకా పాలన ప్రకారం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాది. మాటలోనూ చుట్టరికాల్లోనూ చాలావరకు తెలుగుది. మాత్రను ఇక్కడ గోలీ అంటారు. మరాఠీలోనూ అది గోళీయే కాబట్టి ఆ ఒక్క మాటకు డాక్టరుకూ రోగికీ మధ్య దుబాసీ అక్కర్లేదు. అయితే ‘గోలీ పనిచేయలేదు’ అన్న మాట ఏ భాషలో చెప్పినా చెవికెక్కడం కష్టం. నొప్పి తగ్గలేదని రెండోసారి వచ్చిన మనిషిని ఓర్పు లేనివాడనో, మందుకు అలవాటు పడ్డాడనో అనుకోవడం తేలిక. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మందును మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక ఆ అనుమానానికి చట్టం అండ కూడా దొరికింది. ఆ మనిషి నిజమే చెబుతూ ఉండవచ్చునని జన్యుశాస్త్రం అంటోంది.

కోడీన్ అనే నొప్పి మందు తనంతట తానుగా నొప్పిని పెద్దగా తగ్గించదు. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారిస్తేనే ఉపశమనం కలుగుతుంది. ట్రమడాల్ కూడా చాలావరకు ఇదే ఎంజైమ్ మీద ఆధారపడుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ పనిచేయని జన్యు ప్రతులే వచ్చినవారికి ఈ మందుల వల్ల కలిగే మేలు స్వల్పం. జన్యువు అదనపు ప్రతులు ఉన్నవారిలో దీనికి పూర్తి విరుద్ధంగా జరుగుతుంది: మామూలు మోతాదు కోడీన్ నుంచే ఎక్కువ మార్ఫిన్ తయారై శ్వాస మందగించవచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పి కోసం ఈ రెండు మందులూ ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో నిర్ణయించడానికి ఇది ముఖ్య కారణం. ఐబుప్రోఫెన్, మెలోక్సికామ్ వంటి నొప్పి మందులను విరిచేది వేరే ఎంజైమ్, సీవైపీ2సీ9. అది బలహీనంగా ఉన్నవారిలో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి కడుపుకూ మూత్రపిండాలకూ చేటు చేసే ప్రమాదం పెరుగుతుంది.

ఈ తేడాలు జనసమూహాన్ని బట్టి మారతాయన్నది నిజమే. సీవైపీ2డీ6 బొత్తిగా పనిచేయనివారు యూరప్ మూలాల ప్రజల్లో 5 నుంచి 10 శాతం దాకా ఉంటే, తూర్పు ఆసియాలో దాదాపు ఒక శాతమే. 1996లో వెలువడిన ఒక అధ్యయనం ఇథియోపియా వాసుల్లో 29 శాతం మందిలో ఈ జన్యువు అదనపు ప్రతులను గుర్తించింది. అదే ఖండంలోని జింబాబ్వేలో అలాంటివారు చాలా తక్కువ. అలాంటప్పుడు ‘ఆఫ్రికన్’ అన్న పేరు మోతాదు నిర్ణయించే వైద్యుడికి ఏం సాయం చేస్తుంది? ‘ఆసియన్’, ‘భారతీయుడు’, ఆ మాటకొస్తే ‘తెలుగువాడు’ అన్న పేర్లూ అంతే.

మన దేశంలో అసలు గీతలు రాష్ట్రాల మధ్య కన్నా పెళ్లి సంబంధాల మధ్య గీసి ఉన్నాయి. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల లక్షల జనాభా ఉన్న సమూహాల్లోనూ కొన్ని అరుదైన జన్యుమార్పులు పేరుకుపోయాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి 2009 నుంచి ప్రచురిస్తున్న పరిశోధనలు దీన్నే చూపుతున్నాయి. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ వైశ్యులది. వారిలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావారి కంటే అనేక రెట్లు ఎక్కువ. ఆపరేషన్ వేళ కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఈ లోపం ఉన్నవారిలో అది గంటల తరబడి నిలిచి, అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాల్సి రావచ్చు. అది నొప్పి మందు కాకపోయినా పాఠం ఒకటే. సిరోంచలోని వైశ్య దుకాణదారుకూ కరీంనగర్‌లోని అతని మేనమామకూ ఈ జన్యులోపం ఉమ్మడిది కావచ్చు. పక్కింటి గోండు రైతుకు దానితో సంబంధం లేకపోవచ్చు. అయినా కులం పేరు మత్తు డాక్టరు అడగవలసిన ప్రశ్నకే దారి చూపుతుంది తప్ప జవాబు చెప్పదు, ఎందుకంటే ఆ సమూహంలోనూ ఎక్కువమందికి ఈ లోపం ఉండదు.

గడ్చిరోలిలో నొప్పి గురించి మాట్లాడుతూ సికిల్ సెల్‌ను వదిలేయలేం. ఆదివాసీ సమాజాల్లో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలను మూసేస్తాయి; ఎముకలు పిండేసినంత నొప్పి వస్తుంది. ఈ రోగుల్లో మార్ఫిన్ శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే ఇంకా కావాలని అడిగే రోగి వ్యసనపరుడు కానక్కర్లేదు. మరోవైపు ‘అడవివాళ్లు గట్టివాళ్లు, ఓర్చుకుంటారు’ అన్న మాట ఈ ప్రాంతంలో మెచ్చుకోలుగానే వినిపిస్తుంది. నాకది మెచ్చుకోలుగా తోచదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2016లో జరిగిన అధ్యయనంలో, నల్లవారి చర్మం మందమన్న తరహా అపోహల్లో కనీసం ఒకదాన్ని తెల్లజాతి వైద్య విద్యార్థుల్లో, జూనియర్ వైద్యుల్లో దాదాపు సగం మంది నమ్ముతున్నట్టు తేలింది. జన్యుభేదం పేరు చెప్పి ఇలాంటి అపోహకు శాస్త్రం రంగు పులమడం సులువు కాబట్టే ఈ విషయంలో జాగ్రత్త అవసరం.

ప్రతి రోగికీ జన్యు పరీక్ష చేయించాలని తాలూకా ఆసుపత్రిని అడగడం ఇప్పట్లో అర్థం లేని కోరిక. చేయగలిగినది ఒకటుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష చేయించుకున్నవారికి కార్డులూ ఇస్తోంది. ఆ కార్డు మీద ఇంకో రెండు గడులు చేర్చాలి: ఏ నొప్పి మందు ఎంత మోతాదులో పనిచేయలేదు, ఏది తీసుకున్నాక ముంచుకొచ్చిన మగత గానీ ఆయాసం గానీ కలిగింది. ఇంట్లో ఎవరికైనా మత్తుమందు తర్వాత మెలకువ ఆలస్యమైందా అన్నదీ అక్కడే రాయాలి. గోదావరి వంతెన దాటి వరంగల్ వెళ్లే రోగి దగ్గర మరాఠీలో రాసిన చీటీ ఉంటుంది. అందులోని వాక్యాలు అక్కడి డాక్టరుకు అర్థం కాకపోయినా, మందు పేరునూ మిల్లీగ్రాముల అంకెనూ ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే చదువుకోగలడు.