గూగుల్ లేని ఫోను, నా తిప్పలు

గూగుల్‌ని వదిలించుకుందామని ఫోన్లో గ్రాఫీన్ ఓఎస్ (గూగుల్ యాప్‌లు లేకుండా వచ్చే ఒకరకం ఆండ్రాయిడ్) వేసుకున్నా. దానికోసం కొనాల్సొచ్చింది ఏంటో తెలుసా? గూగుల్ వాడి పిక్సెల్ ఫోనే! నవ్వుకోండి.

ఇక బ్యాంకు యాప్. "మీ ఫోన్ సురక్షితం కాదు" అంటుంది. నాలుగేళ్లుగా అప్‌డేట్ ఎరగని మా బావమరిది ఫోను మాత్రం భేషట!

నిన్న అమీర్‌పేటలో ఇరానీ చాయ్ తాగాను. జేబులో ఐదొందల నోటు. "చిల్లర లేదన్నా, స్కాన్ కొట్టు" అన్నాడు గల్లాపెట్టె దగ్గర కుర్రాడు. కొట్టేదేంటి, యాప్ తెరుచుకుంటేగా! వెనక క్యూ గొణుగుడు. ఎవరో పెద్దాయన జాలిపడి కట్టేశాడు.

2017లోనే సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కంది కదా? మరి రెండు జతల సాక్సులకి బిల్లు కొట్టడానికి నా నంబరెందుకయ్యా?

ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ, "అంత దాచుకోవాల్సినవి ఏమున్నాయండీ మీ దగ్గర?"