భోగినాటి జ్వరం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్లలో చదువుకునే తెలుగు పిల్లలకి ఏటా జనవరి రెండో వారంలో ఒక వింత జ్వరం సోకుతోంది. భోగినాడు తెల్లవారుజామున మొదలవుతుంది, ముక్కనుమ సాయంత్రానికి దిగిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే నిమిషాన వస్తుంది. భుజం భుజం రాసుకుని కూర్చునే ఒడియా పిల్లలకి మాత్రం అంటుకోదు. జ్వరం వచ్చిన పిల్లవాడు నీరసంగా పడుకోవాలి కదా? వీడు నాలుగింటికే లేచి, పిడకల దండ మెళ్లో వేసుకుని, మంట చుట్టూ తిరుగుతుంటాడు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే చాలు, అక్కడి పిల్లల్లో ఈ జబ్బు ఆనవాలే ఉండదు. ఇంత స్పష్టంగా సరిహద్దు పాటించే రోగాన్ని ఆరోగ్యశాఖ ఇంకా పట్టించుకోకపోవడం విచారకరం.

కారణం వైద్యులకి తెలియకపోయినా కిరాణా కొట్టువాళ్లకి తెలుసు. ఆంధ్రలో సంక్రాంతికి బడులు వారం పైనే మూసేస్తారు. ఒడిశాలో మకర సంక్రాంతికి ఇచ్చేది ఒక్క రోజు. భోగి, కనుమ, ముక్కనుమ అన్నవి ఇక్కడి ప్రభుత్వం దృష్టిలో మామూలు పనిదినాలు. అది వాళ్ల తప్పూ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గీత భూమ్మీద గీశారు గాని అరిసెల పాకం మీద గీయలేదు. పిల్లవాడి అమ్మమ్మ గీతకి అటుపక్క ఉండిపోయింది, వాడి హాజరుపట్టీ ఇటుపక్క ఉండిపోయింది.

ఇక మా బడుల నియమం చాలా సులువైనది. సెలవు కావాలంటే కారణం రాయాలి, ఆ కారణం జబ్బు అయివుండాలి. పండగ అని నిజం రాసినవాడి చీటీ వెనక్కి వస్తుంది, పైగా తల్లిదండ్రుల్ని పిలుచుకురమ్మంటారు. జ్వరం అని రాసినవాడి చీటీ మీద టిక్కు పడుతుంది. సత్యమేవ జయతే అని గోడ మీద రాసిన బడిలోనే పిల్లవాడు తొలి అబద్ధాన్ని సంతకంతో సహా, మూడో తరగతిలో, ఇంగ్లీషులో రాయడం నేర్చుకుంటున్నాడు. ఇంగ్లీషు మీడియం వల్ల పిల్లలకి ఇంగ్లీషు రావడం లేదని బాధపడేవాళ్లు ఒకసారి ఈ లీవ్ లెటర్లు చూడాలి. ఒక్క స్పెల్లింగు తప్పుండదు.

పండగ వెళ్లిన మర్నాడు మా వీధి చివర బడిలో హాజరు తీసుకునేటప్పుడు జరిగే సంభాషణ ఏటా ఇలాగే ఉంటుంది.

"ఏమ్మా, ఇన్ని రోజులు రాలేదేం?"

"జ్వరం మిస్."

"ఎంత?"

"నూట రెండు మిస్."

"మరి ఆ చేతికి గోరింటాకేంటి?"

"వేడి లాగేస్తుందని పెట్టారు మిస్."

ఆ తర్వాత బ్యాగులోంచి స్టీలు డబ్బా బయటికి వస్తుంది. అందులో అరిసెలు, పక్కన కాస్త చక్రాలు. జ్వరానికి ఇదేం పథ్యమని మిస్ అడుగుతుంది, అడుగుతూనే రెండు అరిసెలు తీసుకుంటుంది. ఆవిడదీ ఆంధ్రలోని టెక్కలే. ఆ మూడు రోజులూ ఆవిడకీ ఒంట్లో బాగాలేదు.

ఇలాంటి అరాచకాన్ని అరికట్టడం ఎలాగో ఇంగ్లండు ఎప్పుడో కనిపెట్టేసింది. అక్కడ బడి నడిచే రోజుల్లో పిల్లల్ని ఊళ్లకి తీసుకెళ్తే తల్లిదండ్రులకి జరిమానా. 2013 నుంచి నియమం మరీ బిగించారు. అసాధారణ పరిస్థితి అయితే తప్ప హెడ్‌మాస్టరు సెలవు ఇవ్వకూడదు, మామూలు విహారయాత్రలు దాని కిందికి రావు. 2024 ఆగస్టు నుంచి కొత్త రేట్లు వచ్చాయి. పది బడివారాల వ్యవధిలో అనుమతి లేకుండా పది పూటలు ఎగ్గొడితే జరిమానా పరిశీలనకి వస్తుంది. పొద్దున్న ఒక పూట, మధ్యాహ్నం ఒక పూట, అంటే అయిదు రోజులన్నమాట. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ గడువు దాటితే 160. మూడేళ్లలో రెండోసారి పట్టుబడితే తగ్గింపు లేదు, నేరుగా 160. మూడోసారి జరిమానా చీటీలు ఉండవు, కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది, అక్కడ 2,500 పౌండ్ల దాకా వడ్డించవచ్చు. ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో ఒక తండ్రి కూతుర్ని ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లి, 120 పౌండ్ల జరిమానా కట్టనని సుప్రీంకోర్టుదాకా పోరాడాడు. 2017లో ఓడిపోయాడు. మిగతా ఏడాదంతా ఎంత బాగా వచ్చినా, బడి నియమం తప్పితే తప్పినట్టేనని కోర్టు తేల్చింది.

ఈ చట్టాన్ని ఉన్నదున్నట్టు పర్లాకిమిడి ఉన్న మా గజపతి జిల్లాకి దిగుమతి చేసుకోవాలని నా ప్రతిపాదన. అది మనకోసమే కొలిచి కుట్టించారేమో అనిపిస్తుంది. లెక్క చూడండి. సంక్రాంతికి ఎలాగూ సెలవు కాబట్టి భోగి, కనుమ, ముక్కనుమ కలిపి ఆరు పూటలు. అక్కడితో ఆగితే బతికిపోతాం. కాని మాఘమాసం వస్తుంది, మేనమామ పెళ్లి వస్తుంది. మన పిల్లవాడు తోడిపెళ్లికొడుకు, వాడు లేకపోతే పీటలు కదలవు. రెండు రోజులు, నాలుగు పూటలు. మొత్తం పది. సంక్రాంతికీ మాఘం ముహూర్తానికీ మధ్య పది వారాలు ఎప్పుడూ ఉండవు. లండన్‌లో కూర్చున్న గుమాస్తాకి మన పంచాంగం ఎవరు పంపారో గాని దెబ్బ సరిగ్గా తగిలింది. పంతులుగారు ముహూర్తం పెట్టేటప్పుడు తారాబలం చూస్తారు, చంద్రబలం చూస్తారు, యూనిట్ టెస్టుల టైంటేబుల్ మాత్రం చూడరు. ఇకనుంచి అదీ చూడాల్సి వస్తుంది.

జరిమానా తల్లికి వేరు, తండ్రికి వేరు, బిడ్డకి ఒక్కొక్కటి. ఇద్దరు పిల్లలుంటే నాలుగు ఎనభైలు, మన డబ్బుల్లో 35 వేలు దాటుతుంది. మొదటి సంక్రాంతికి ఇది. రెండో సంక్రాంతికి రెట్టింపు. మూడో సంక్రాంతికి కొత్తబట్టలతో పాటు వకాలతు కూడా కుట్టించుకోవాలి. ఆ కోర్టుకి మాత్రం వేసవి సెలవులు, దసరా సెలవులు బ్రహ్మాండంగా ఉంటాయి. జడ్జిగార్లెవరూ జ్వరమని రాయనక్కర్లేదు.

అమలులో ఒక చిన్న చిక్కు ఉంది. ఇంగ్లండులో నోటీసు తల్లిదండ్రులకి ఇస్తారు, ఎందుకంటే అక్కడ ప్రయాణం నిర్ణయించేది వాళ్లే. మా వైపు తల్లిదండ్రులు నిమిత్తమాత్రులు. "పిల్లల్ని పంపుతున్నారా, నన్ను రమ్మంటారా?" అని డిసెంబరులో ఫోను చేసేది అమ్మమ్మ. ఆవిడ ఉండేది మెళియాపుట్టిలోనో పాలకొండలోనో, అంటే వేరే రాష్ట్రంలో. ఒడిశా విద్యాశాఖ నోటీసు అక్కడ చెల్లుతుందా అన్నది రాజ్యాంగ నిపుణులు తేల్చాలి. చెల్లినా ఆవిడ దాన్ని పాలవాడి బిల్లు అనుకుని కేలండరు వెనక గుచ్చుతుంది.

తెలుగువాళ్ల తరఫున ఇంత మాట్లాడుతున్నాను గాని మనవాళ్లూ తక్కువ తినలేదు. జూన్‌లో ఒడియావాళ్ల రజ పండగ వస్తే వీధిలో మొదటి ఉయ్యాల మనింట్లోనే పడుతుంది, ఆ పండగ పిండివంట పొడపిఠా మనమే ముందు తింటాం. వినాయక చవితి మర్నాడు నువాఖాయ్ సెలవు వస్తే, పడమటి ఒడిశా పంటల పండగతో మనకేం సంబంధమని ఎవరూ బడికి పోరు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ జాతర నెలరోజుల పాటు జరిగితే పిల్లలు రాత్రుళ్లు వేషాలు చూసి పగలు క్లాసులో నిద్రపోతారు. ఒడిశా ఏర్పడిన రోజని ఇచ్చే ఉత్కళ దివస్ సెలవునీ వదులుకోం. వీళ్లకి రెండు రాష్ట్రాల పండగలూ కావాలి, ఒక్క రాష్ట్రం హాజరు కూడా అక్కర్లేదు అని ఒడియా హెడ్‌మాస్టరు ఎవరైనా విసుక్కుంటే తప్పు పట్టలేను.

ఆ విషయంలో అందరికన్నా అదృష్టవంతులు కొటియా ఊళ్ల పిల్లలు. ఆ కొండ గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి. అక్కడ చాలామంది చేతిలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ రేషను కార్డులూ ఉన్నాయి. రెండు సెలవుల జాబితాలు కూడా ఇచ్చేస్తే సరిపోతుంది. ఆ సౌకర్యాన్ని సరిహద్దంతా విస్తరించమని ఎవరూ అడగడం లేదు.

ఇంతకీ బడికి వెళ్లకపోవడం అంటే ఏమిటన్న దాంట్లో మా విద్యావేత్తలు చాలా లోతుగా ఆలోచించారు. పిల్లవాడు తల్లిదండ్రులతో గోపాలపురం సముద్రానికి వెళ్లాడనుకోండి, అది గైర్హాజరు. అదే పిల్లవాడు అదే సముద్రానికి, అదే వారంలో, బడి బస్సులో, తలకి ఇంత అని కట్టి వెళ్తే అది స్టడీ టూర్, హాజరు పడుతుంది. కెరటం రెండుసార్లూ ఒకేలా వస్తుంది, ఉప్పు కూడా తేడా లేదు. మధ్యాహ్నం పులిహోర పొట్లం నాణ్యతలోనే తేడా, అది కూడా ఇంటివాళ్లకే అనుకూలం. అలాగే వార్షికోత్సవం డాన్సుకి మూడు వారాలు రోజూ రెండు పీరియడ్లు పోతే చదువు ఆగదు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఎండలో జెండాలు పట్టుకుని నిలబడిన గంటలు విద్యాబోధన కిందే లెక్క. తాతయ్య పొలంలో కుప్పనూర్పు చూసిన గంట మాత్రం సిలబస్‌లో లేదు.

విద్యాహక్కు చట్టం 2009 అని ఒకటుంది. దాని ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకి ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు బడి నడవాలి. 365లోంచి 220 తీసేస్తే 145. ఆదివారాలు తీసేసినా తొంభై పైన మిగులుతాయి. అంటే బడి తనకి తాను అన్ని రోజులు సెలవు పెట్టుకోవచ్చు, చీటీ రాయక్కర్లేదు, ఎవరినీ పిలుచుకురానక్కర్లేదు. ఏప్రిల్‌లో ఎండలు ముదిరితే ప్రభుత్వం వేసవి సెలవులు ముందుకు జరుపుతుంది. ఆ ఎండలకి అది న్యాయమే, నేను కాదనను. అయితే 220 నిండకపోతే బడికి ఎన్ని పౌండ్లు వేయాలో చట్టంలో ఎంత వెతికినా కనపడలేదు.

పంతుళ్ల సంగతి చూద్దాం. వాళ్లని చదువు చెప్పడం తప్ప వేరే పనికి వాడొద్దని ఇదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది, వెంటనే మూడు మినహాయింపులు కూడా ఉన్నాయి: జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. అసాధారణ పరిస్థితి అంటే ఇదీ. అయిదేళ్లకోసారి వచ్చే ఎన్నిక అసాధారణం, పదేళ్లకోసారి రావాల్సిన జనాభా లెక్క అసాధారణం, జీవితంలో ఒక్కసారే జరిగే మేనమామ పెళ్లి మాత్రం సాధారణం. మాస్టారు వీధి వీధీ తిరిగి దేశంలో అందర్నీ లెక్కపెట్టి వస్తారు, ఆ నెలలో తన క్లాసులో ఎవరొచ్చారో లెక్కపెట్టడానికి మాత్రం ఎవరూ ఉండరు.

మాస్టార్లంటే గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే చదువు చెప్పారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతున్నదని నొచ్చుకుని 1936లో ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. సెలవుచీటీ రాసి ఉంటే అది కచ్చితంగా వ్యావహారికంలోనే ఉంటుంది, కారణం దగ్గర జ్వరమని ఉండదు.

కాబట్టి జరిమానా విధానం రావాల్సిందే. అమలు పరిశీలించడానికి ఇంగ్లండు నుంచే ఒక హాజరు అధికారిని రప్పించాలని నా రెండో ప్రతిపాదన. ఆయన్ని భోగినాడు నేరుగా అమ్మమ్మ ఇంటికి పంపాలి, నేరస్థులు అక్కడే కలిసి ఉంటారు గనక. నోటీసులు చేతిలో పెట్టేలోగా ఆవిడ కాళ్లు కడుక్కోమంటుంది. ముందు టిఫిను, తర్వాత మాట. సంక్రాంతినాడు పెద్దల పండగ, ఇంట్లో అతిథి అన్నం తినకుండా వెళ్తే పెద్దలు కోప్పడతారు. మూడోనాడు పొద్దున్నే ఆయన సూట్‌కేసు సర్దుకుని గుమ్మం దగ్గరికి వస్తాడు. కనుమనాడు కాకి కూడా కదలదు బాబూ, నువ్వెక్కడికి కదులుతావు అంటుంది ఆవిడ. ఆయన ఫైలు తెరిచి తన పూటలు తానే లెక్కపెట్టుకుంటాడు. భోగి రెండు, సంక్రాంతి రెండు, కనుమ రెండు. ముక్కనుమ కూడా కలిపితే ఎనిమిది. పది నిండడానికి ఇంకా రెండు పూటలు ఉన్నాయి కదా అని అమ్మమ్మే ధైర్యం చెప్పి, కోడికూర మళ్లీ వడ్డిస్తుంది.