పరిశోధన వాళ్ళకెందుకండీ?

కెనడా ఉత్తరాన ఒక ప్రమాదకరమైన ధోరణి బయలుదేరింది. తమ బడుల మీద పరిశోధన తామే చేసుకుంటామంటున్నారు అక్కడి ఆదివాసులైన ఇన్యూట్లు. ఊరుకుంటే రేపు పేషెంటే స్టెతస్కోపు లాక్కుంటాడు.

ఇంతకాలం ఏర్పాటు ఎంత ముచ్చటగా సాగిందనీ! ఇన్యూట్లే ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతంలో 25 ఊళ్లు. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, విమానమే గతి. కెనడా దక్షిణాది నుంచి ప్రొఫెసర్ గారు వేసవి సెలవుల్లో దిగేవారు. పరిశోధన బడి పనితీరు మీద, బడికేమో తాళం. అయితేనేం, పిల్లల అల్లరి ఉండదు. ఓ నానమ్మను పట్టుకుని "మనవరాలి చదువుతో మీ సంతృప్తి ఎంత? 1 నుంచి 5 లోపు చెప్పండి" అనేవారు. ఆవిడ గంటసేపు చెప్పేది. దుభాషి రెండు ముక్కల్లో తేల్చేవాడు. ప్రొఫెసర్ గారు 3 దగ్గర టిక్కు పెట్టుకుని విమానమెక్కేవారు. పేపరు దక్షిణాదిలో అచ్చయ్యేది, ఊరికి 'కృతజ్ఞతలు' పేజీలో ఒక లైను దక్కేది.

ఇంత కృషి ఊరికే పోలేదు. హైస్కూలు గట్టెక్కేది ఇన్యూట్ పిల్లల్లో నూటికి 25 మందేనని 2006లో మాజీ న్యాయమూర్తి థామస్ బెర్జర్ నివేదిక తేల్చింది, ఇంగ్లీషుతో పాటు వాళ్ళ భాషలోనూ గట్టిగా చదువు చెప్పాలంది. 2019-20 నాటికి అన్ని తరగతుల్లో ఆ చదువు అందాలని 2008లో చట్టమూ చేశారు. గడువు దాటిపోయింది, 2020లో దాన్ని 2039కి జరిపారు. తొందరేముంది? అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, 2039కల్లా తన బిడ్డను వేలుపట్టి బడికి తీసుకురావచ్చు.

అసలు గొడవంతా 2009లో మొదలైందని నా అనుమానం. ఆ ఏడాది ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ యూనివర్సిటీ 21 మంది ఇన్యూట్ మహిళలకు ఎం.ఎడ్. పట్టాలిచ్చింది. నునావుట్‌లోనే ఉంటూ, పని చేసుకుంటూ చదివారు వాళ్ళు. చదివినవాళ్ళు ఊరుకుంటారా? ప్రశ్నలడుగుతారు. 2018లో ఇన్యూట్ల జాతీయ సంస్థ ఏకంగా పరిశోధన వ్యూహమే ప్రకటించింది. నిధుల మీద తమ మాట చెల్లాలట, సేకరించిన సమాచారం మీద హక్కు తమదేనట!

ఇన్యూట్ పరిశోధకురాలైతే నిష్పాక్షికత ఏమైపోవాలి? నానమ్మతో నానమ్మ భాషలోనే మాట్లాడుతుంది. ఆవిడ నిజాలన్నీ చెప్పేస్తుంది. ఇది ఏ మెథడాలజీ పుస్తకమైనా ఒప్పుకుంటుందా?

అయినా మనం మొండివాళ్ళం కాదు. నిధులిద్దాం. ముందు ఇన్యూట్లకు పరిశోధన సామర్థ్యం ఉందో లేదో మాత్రం ఒక అధ్యయనం జరగాలి. టీం లీడర్ కోసం రాజధాని ఒట్టావాలో ప్రకటన వేస్తే సరి. అర్హత పీహెచ్‌డీ. ఇన్యూట్ల భాష ఇనుక్టిటుట్ వస్తే మంచిదే, తప్పనిసరి కాదు.