చిమ్నీలోకి తొంగి చూడనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి

చలి మొదలైందంటే ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "ఇంట్లో లాగ్ బర్నర్, అదే కట్టెలు కాల్చే ఇనుప పొయ్యి, పెట్టించుకోవాలండీ, నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి." కాసేపట్లోనే ఫోన్ నంబర్లు వచ్చి పడతాయి. మా ఇంట్లో చేశాడు, చాలా మంచివాడు అని ఒకరు. చెప్పిన టైముకు వచ్చాడు అని ఇంకొకరు. టీ ఇస్తే తాగి కప్పు కూడా కడిగి పెట్టాడని మరొకరు. కప్పు కడిగినందుకు సంతోషమే. చిమ్నీలో ఏం చేశాడో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఎలా చెబుతారు? వాళ్ళు చూడలేదు. ఈ పనిలో తిరకాసంతా అక్కడే ఉంది.

గోడకు రంగు వేసినవాడి పనితనం సాయంత్రానికే బయటపడుతుంది. కుళాయి బిగించినవాడిది మర్నాటికి తెలుస్తుంది. లాగ్ బర్నర్‌లో మనకు కనిపించే ఇనుప పెట్టె ఫ్యాక్టరీలో తయారైంది. మనం డబ్బిచ్చి చేయించుకున్న పనంతా ఆ పెట్టె పైనుంచి మొదలై, చిమ్నీ నోరు మూసే రిజిస్టర్ ప్లేటు అనే రేకు వెనక్కి వెళ్ళి, రెండంతస్తుల ఇటుక గొట్టంలో మాయమైపోతుంది. అక్కడ తప్పు జరిగినా మంట అందంగానే వెలుగుతుంది, గది వెచ్చగానే ఉంటుంది, మనం ఐదు నక్షత్రాల రివ్యూ కూడా రాసేస్తాం. తర్వాత ఎప్పుడో గాలిలేని రాత్రి పొగ వెనక్కి తంతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. అమ్మమ్మగారింట్లో కట్టెల పొయ్యి దగ్గరే పెరిగాం, మాకు పొయ్యి గురించి చెబుతావా అని ఒకాయన నన్ను దబాయించాడు. అయ్యా, అమ్మమ్మగారి వంటింట్లో గాలి పెంకుల సందుల్లోంచి, తలుపు కిందినుంచి, గవాక్షంలోంచి ఆడుతూనే ఉండేది. అయినా ఆ పొగకు ఆమె ఎంత దగ్గిందో మనకు తెలుసు. ఇక్కడ రెండద్దాల కిటికీలు బిగించుకుని కూర్చుంటాం.

మా ఇల్లు వెస్ట్ యార్క్‌షైర్‌లో ఉంది. వందేళ్ళు దాటిన ఇటుక ఇల్లు, రెండు వైపులా గోడకు గోడ ఆనుకుని ఇరుగుపొరుగు ఇళ్ళు. పాత యజమానులు చిమ్నీలో గ్యాసు ఫైర్ వాడుకున్నారు. నేను మొదట పిలిచిన కంపెనీవాళ్ళు ఇంటికి రానేలేదు. ఫోటోలు పంపమన్నారు, పంపాను. గంటలో కొటేషన్ వచ్చింది, మిగతావాళ్ళు చెప్పినదాంట్లో సగం కూడా లేదు. "చిమ్నీలో ఇప్పటికే లైనర్ (పొగ పోయే లోపలి గొట్టం) ఉంది కదండీ, దాన్నే వాడితే మీకు డబ్బు మిగులుతుంది" అని అరచేతిలో వైకుంఠం చూపించారు. మరి పొగ ఎక్కడైనా కారుతోందేమో చూసే స్మోక్ టెస్టు ఎప్పుడు చేస్తారని అడిగితే అవతలి మనిషి నీళ్ళు నమిలాడు. "అది పని అయ్యాక చూసుకుందాం" అన్నాడు. నేను అక్కడితో వదిలేశాను.

తర్వాత వచ్చినాయన ధర మాటే ఎత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, పొడవాటి తీగ చివర కెమెరా కట్టి చిమ్నీలోకి ఎక్కించాడు. బూజు, రాలిన సున్నం, ఒక పాత పక్షిగూడు, వాటి మధ్య ఆ లైనర్. దాని కొస పట్టుకుని వేళ్ళతో నొక్కి నాకు చూపించాడు. పలుచని ఒంటి పొర గొట్టం, నొక్కితే లొట్ట పడింది. గ్యాసు పొగకు అది సరిపోతుంది. కట్టెల పొగకు లోపల నున్నగా, బయట మడతలుగా ఉండే రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కావాలి. మొదటి కంపెనీ మాట విని పాతదాన్నే వాడి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. పనిరోజున కొత్త లైనర్ పైకప్పు మీదికి తీసుకెళ్ళే ముందు దాని మీద అచ్చు వేసిన బాణం గుర్తు కూడా చూపించాడు. బాణం పొగ వెళ్ళే వైపే, అంటే పైకే ఉండాలి. తలకిందులుగా దించినా పైనుంచి చూసేవాళ్ళకు తేడా కనబడదు. లోపలి అతుకులకు మాత్రం తెలుస్తుంది.

స్మోక్ టెస్టు గురించి విడిగా చెప్పాలి, మనవాళ్ళలో చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. కింద స్మోక్ పెల్లెట్ వెలిగించి, పొగ నిండాక పైకొస మూసి, ఆ పొగ ఎక్కడినుంచైనా బయటికి కారుతోందా అని వెతుకుతారు. వెతికేది మన గదిలో మాత్రమే కాదు. మాకు పని చేసినాయన అటకెక్కి చూశాడు, పై గదిలో చూశాడు, ఆ తర్వాత పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, క్షమించమని అడిగి, ఆమె పడకగదిలో గోడను కూడా చూసి వచ్చాడు. పాత చిమ్నీల లోపల పూసిన సున్నం దశాబ్దాల పొగకు పెళుసుబారి రాలిపోతుంది. ఇటుకల సందుల్లోంచి మన పొగ వాళ్ళ మంచం దగ్గర తేలవచ్చు. పక్కింటి తలుపు తట్టే ఓపిక ఉన్నవాడు దొరికాడంటే నేను ఇక రివ్యూలు చదవను.

చట్టం సంగతి నాలుగు ముక్కల్లో. ఇంగ్లండ్, వేల్స్‌లలో కట్టెల పొయ్యి పెట్టడం భవన నిబంధనల కిందికి వచ్చే పని. ఇలాంటి పొయ్యిలు బిగించేవాళ్ళను నమోదు చేసుకునే హెటాస్ వంటి పథకంలో ఉన్నవాడు తన పనికి తానే సర్టిఫికెట్ ఇవ్వగలడు, 30 రోజుల్లోగా స్థానిక కౌన్సిల్‌కు సమాచారం చేరుతుంది. నమోదు కానివాడితో చేయించుకోవడం నేరమేమీ కాదు. అయితే పని మొదలుపెట్టే ముందే కౌన్సిల్‌కు తెలియజేసి, రుసుము కట్టి, వాళ్ళ ఇన్‌స్పెక్టరుతో తనిఖీ చేయించుకోవాలి. రెండూ లేకపోతే ఇల్లు అమ్మే రోజున కొనేవాళ్ళ సొలిసిటర్, అంటే లాయరు, మొట్టమొదట అడిగేది ఆ కాగితమే.

నమోదయిందన్న మాటతో నిశ్చింతగా పడుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కంపెనీ పేరు నమోదై ఉంటుంది, పనికి వచ్చే కుర్రాడు వేరే. కార్డు అడగండి. ముందు వైపు ఫోటో ఉంటుంది, వెనక వైపు అతనికి ఏయే పనుల్లో అర్హత ఉందో ఉంటుంది. ఆ నంబరు పథకం వెబ్‌సైటులో కొట్టి చూడటానికి ఒక నిమిషం పట్టదు. ఇంకో రకం వాళ్ళున్నారు. "పని నేను చేస్తాను, సర్టిఫికెట్ నా స్నేహితుడు ఇస్తాడు" అంటారు. ఆ స్నేహితుడు మీ గడప తొక్కడు, మీ చిమ్నీ చూడడు, సంతకం మాత్రం పెడతాడు. తాను చేయని పనికి ఆ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఇది మొహమాటపడే చోటు కాదు, అక్కడే దండం పెట్టి పంపేయండి.

షోరూముల వాళ్ళది మరో వరస. పెద్ద పొయ్యి అంటగట్టడమే వాళ్ళ పని. మా ముందు గది ఇంచుమించు 4 మీటర్ల వెడల్పు, 4.2 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల ఎత్తు. గుణిస్తే 42 ఘనపు మీటర్లు. ఇక్కడివాళ్ళు వాడే మోటు లెక్క ప్రకారం 14తో భాగిస్తే 3 కిలోవాట్లు వస్తుంది. గోడలకు ఇన్సులేషన్ లేని పాత ఇల్లు కాబట్టి 4 అనుకుందాం, పోనీ 5. షోరూములో మాకు చూపించింది 8. "పెద్దది తీసుకోండి, తగ్గించి కాల్చుకోవచ్చు" అన్నారు. తగ్గించి కాల్చడమంటే గాలి మూసేయడం. గాలి మూస్తే కట్టె మండదు, కుములుతుంది. అద్దం నల్లబడుతుంది, చిమ్నీ గోడలకు తారు పట్టుకుంటుంది, చిమ్నీలో నిప్పు అంటుకునేది ఆ తారుకే. పైగా పాత ఇళ్ళలో 5 కిలోవాట్లు దాటితే, పైబడ్డ ప్రతి కిలోవాటుకూ 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున ఎప్పుడూ తెరిచి ఉండే గాలిరంధ్రం పెట్టాలి. అంటే 8 కిలోవాట్ల పొయ్యికి 1,650. చలికి తట్టుకోలేక పొయ్యి కొంటే, గోడకు బెజ్జం పెట్టి చలిని లోపలికి పిలవాలన్నమాట. ఆ ముక్క షోరూములో ఎవరూ చెప్పలేదు.

మన ఇళ్ళకు మాత్రమే ఉన్న ఒక ఇబ్బంది గురించి ఇంగ్లిషువాళ్ళ సలహాల్లో పెద్దగా దొరకదు. పోపు ఘాటు, చేపల వేపుడు వాసన తట్టుకోలేక మనవాళ్ళు వంటగదిలో దొరికినంత శక్తిమంతమైన హుడ్ పెట్టించుకుంటారు. చాలామంది వంటగదికీ హాలుకూ మధ్య గోడ కొట్టించేశారు కూడా. ఆ హుడ్ ఫుల్లుగా తిరుగుతూ ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, దానికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి కదా. సులువైన దారి చిమ్నీయే. పైకి పోవాల్సిన పొగ కిందికి దిగి గదిలోకి వస్తుంది. మాకు పని చేసినాయన పొయ్యి వెలిగించాక తలుపులు, కిటికీలు మూయించి, హుడ్‌ను ఆఖరి స్పీడులో పెట్టించి, పొగను పుట్టించే చిన్న గొట్టం పొయ్యి తలుపు అంచున పట్టుకుని, పొగ లోపలికి పోతోందా బయటికి వస్తోందా అని చాలాసేపు చూశాడు. మీ ఇంటికి వచ్చినవాడు వంటగదిలో ఏముందో అడగకుండా కొటేషన్ రాస్తే, అతనికి ఇంటి గురించి ఆలోచన లేదని అర్థం.

ఇక చిన్నవిగా కనిపించే సంగతులు. పొయ్యి కింది రాతి పలక, తలుపు తెరిచి కూడా కాల్చగలిగే పొయ్యికైతే ముందు కనీసం 300 మిల్లీమీటర్లు, మూసే కాల్చేదానికైతే 225, పక్కలకు 150 మిల్లీమీటర్లు చాచి ఉండాలి. పొయ్యి చుట్టూ మామూలు ప్లాస్టర్‌బోర్డు కొట్టి రంగు వేస్తే మొదటి చలికాలానికే పగుళ్ళు వస్తాయి, వేడికి ఆగే బోర్డే వాడాలి. పాత ఇళ్ళలో పూత వెనక దాగిన కొయ్య దూలం ఉండవచ్చు, అది చూడకుండా గొట్టం బిగించేవాడు ప్రమాదకారి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం 2010 నుంచి ఇక్కడ తప్పనిసరి. పొయ్యినుంచి నేలబారుగా కొలిస్తే 1 నుంచి 3 మీటర్ల దూరంలో ఉండాలి, మూలలో కర్టెన్ వెనక కాదు. ఒక తెలిసినవాళ్ళింట్లో అలారం ప్యాకెట్టు విప్పకుండా సొరుగులో ఉంది. ఇన్‌స్టాలర్ "ఇదిగో మీ అలారం" అని చేతికిచ్చి వెళ్ళిపోయాడట!

అడ్వాన్సు విషయం. నగదు ఇస్తే తగ్గిస్తానన్నవాడికి నగదు ఇవ్వకండి. కొంత మొత్తమైనా క్రెడిట్ కార్డుతో కట్టండి. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉన్న కొనుగోళ్ళలో మోసం జరిగితే కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. మిగతాది సర్టిఫికెట్ చేతికి వచ్చాక.

అసలు ఈ రోజుల్లో కట్టెలు కాల్చడమే తప్పు కదా అనేవాళ్ళుంటారు. ఆ మాటలో నిజం ఉంది. 1952 డిసెంబరులో లండన్‌ను ముంచిన పొగమంచు తర్వాత 1956లో ఈ దేశం పొగను అదుపు చేసే చట్టం తెచ్చింది ఊరికే కాదు. మాది పొగ నియంత్రణ ఉన్న ప్రాంతం, ఆ నియంత్రణనుంచి మినహాయింపు పొందిన పొయ్యి మోడళ్ళలోనే కట్టెలు కాల్చాలి, చిమ్నీనుంచి పొగ వదిలితే 300 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. ఆ వాదన ఇంకోరోజు పెట్టుకుందాం. పొయ్యి పెట్టుకోవాలని తీర్మానించుకున్నవాళ్ళు తడి 20 శాతం దాటని కట్టెలు కాల్చి, ఏడాదికి కనీసం ఒకసారి చిమ్నీ ఊడ్పిస్తే పక్కింటివాళ్ళకైనా మేలు.

ఆ ఊడ్చేవాళ్ళనే ముందు అడగమని నా సలహా. చిమ్నీ స్వీప్ ఏడాది పొడవునా ఊళ్ళో చిమ్నీలన్నిటిలో బ్రష్షు దూరుస్తాడు. ఎవడు బిగించిన లైనర్ చిరిగింది, ఎవడి పనిలో మసి తేలిగ్గా రాలుతోంది అన్నది అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మాకు మనిషిని చూపించింది స్వీపే. పైసా కమీషను అడగలేదు, ఒక పేరు మాత్రం వద్దని రెండుసార్లు తల ఊపాడు.

ఇదంతా వేసవిలో చేయాల్సిన పని. మేము ఏప్రిల్‌లో పిలిస్తే జూన్‌లో తేదీ దొరికింది. సెప్టెంబరు దాటితే మంచి ఇన్‌స్టాలర్ల డైరీలు నిండిపోతాయి. నవంబరు చలిలో ఫోను చేయగానే "రేపే వస్తానండీ" అన్నాడంటే, అంత పని ఉన్న కాలంలో అతనొక్కడే ఎందుకు ఖాళీగా ఉన్నాడో ముందు కనుక్కోండి.