ఆఖరి రౌండు గంట

జరిగి నాలుగు రోజులే అయింది. అందుకని కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి.

సంగతి గబగబా చెప్పేస్తాను. మేం చదువుకున్న కాలేజీ ఆటస్థలం బాగు చెయ్యాలి, రన్నింగ్ ట్రాక్ కొత్తది వెయ్యాలి. డబ్బుల్లేవు. పూర్వ విద్యార్థుల సంఘం పూనుకుంది. సంఘం అంటే నలుగురం. ఆ నలుగురిలో పని చేసేది ఒక్కడే. వాడే కార్యదర్శి, నా క్లాస్‌మేట్. పని చేసేవాళ్లతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్లు మనచేత కూడా చేయిస్తారు.

అసలు డబ్బు ఎందుకు లేదో నాకు ఎప్పుడూ అర్థం కాదు. మా రోజుల్లో ఫీజు రసీదులో ‘ఆటల ఫీజు’ అని ఒక గడి ఉండేది. ఇప్పటికీ ఉందట. ఆ గడిలో పడ్డ డబ్బు ఎక్కడ ఆడుకుంటోందో గానీ, గ్రౌండులో మాత్రం ఆడుకోవడం లేదు. బాస్కెట్‌బాల్ రింగు నేలకి 3.05 మీటర్ల ఎత్తున ఉండాలి. మా కోర్టులో ఒక రింగు అంత ఎత్తునే ఉంది. రెండోది ముందుకు వంగి ‘ఏం నాయనా, ఎప్పుడొచ్చావ్’ అని పలకరిస్తున్నట్టు ఉంటుంది. వాలీబాల్ నెట్టు మగవాళ్లకి 2.43 మీటర్లు. మా నెట్టు స్తంభాల దగ్గర సరిగ్గా అంతే ఉంటుంది, మధ్యలో మాత్రం తడి దుప్పటి ఆరేసిన తీగలా ఉంటుంది. నేను జీవితంలో స్మాష్ కొట్టానంటే ఆ మధ్యలో నిలబడే కొట్టాను. షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు ఉండాలి. ఏళ్ల తరబడి తుప్పు రాలి రాలి మాది ఇప్పుడెంత ఉందో తూచే ధైర్యం ఆటలు నేర్పే పీడీ గారికి కూడా లేదు. మా కాలేజీ షాట్‌పుట్ రికార్డు ఏటేటా మెరుగవుతోందంటే బహుశా అందుకే.

చందాలడిగితే ఎవరూ ఇవ్వరని మావాడు ఒక పథకం వేశాడు. కొందరు ట్రాక్ చుట్టూ తిరుగుతారు. మిగతావాళ్లు తలా ఒకరిని ఎంచుకుని ‘రౌండుకి ఇంత’ అని రాసిస్తారు. ఆ మనిషి ఎన్ని రౌండ్లు తిరిగితే అన్ని ఇంతలు కట్టాలి. ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా. దీనికి ఒక ఫారం. మీ పేరు, మీరు స్పాన్సర్ చేసే వ్యక్తి పేరు, రౌండుకి ఎంత, సంతకం. ‘ఇంతకు మించి ఇవ్వలేను’ అని రాసుకునే గడి లేదు. ఫారం తయారు చేసినవాడు బుద్ధున్నవాడైతే ఆ గడి ఉండాలి. బుద్ధి ఎక్కువైనవాడు కాబట్టి లేదు.

నాకూ తక్కువేం లేదనుకున్నాను. పేర్ల జాబితా తెలివిగా చదివాను. అథ్లెటిక్స్ టీమ్ పిల్లల జోలికి పోలేదు. 25 రౌండ్లంటే 10,000 మీటర్ల పందెం, వాళ్లు దాన్ని నవ్వుతూ లాగిస్తారు. వేలు కిందికి జరుపుకుంటూ వెళ్తే అడుగున కనిపించింది పేరు. మా లైబ్రేరియన్ గారు. రిటైరై చాలాకాలమైంది. మా రోజుల్లోనే ఆయన బీరువా దగ్గర్నుంచి బల్ల దగ్గరికి పుస్తకం తెచ్చేలోపు మాకు ఆ పుస్తకం మీద ఆసక్తి పోయేది. లెక్క వేసుకున్నాను. రెండు రౌండ్లు. మహా అయితే మూడు. ఫొటో కోసం నాలుగోది సగం.

దాంతో నాలోని దాత మేలుకున్నాడు. రౌండుకి ఒక పూట జీతం అని రాశాను. మావాడు మైకులో చదివాడు. చప్పట్లు. నేను లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆ నమస్కారమే.

ఆరింటికి విజిల్ వేశారు. పిల్లలు పరిగెత్తారు. ఆయన గొడుగు విప్పారు.

నడక! నడవొచ్చని నాకెవరూ చెప్పలేదు. పరిగెత్తేవాళ్లకి ఆయాసం వస్తుంది, పిక్క పట్టేస్తుంది, డొక్కలో పోటొస్తుంది. ఇలా దేవుడు దాతల కోసం చాలా ఏర్పాట్లు చేశాడు. నడిచేవాడికి ఏం వస్తుంది? అదీ ఆయన నడక. తొందర లేదు, ఆలస్యం లేదు, గోడ గడియారంలా రౌండుకి సరిగ్గా అయిదు నిమిషాలు. ఏడయ్యేసరికి పన్నెండు రౌండ్లు. అంటే నా ఆరు రోజుల జీతం, ఇంకా ఎండ కూడా ఎక్కకముందే.

మంచినీళ్లు పట్టుకుని పక్కన నడిచాను. “సార్, కాసేపు కూర్చోండి.”

“కూర్చుంటే మళ్లీ లేవలేనయ్యా” అన్నారు, ఆగకుండా.

అప్పుడు గమనించాను, అందరూ తిరిగే దిక్కు ఒకటి, ఆయన తిరిగే దిక్కు ఒకటి. ట్రాక్ మీద ఎడమ చెయ్యి లోపలి వైపు ఉండాలన్నది రూలు. ఆయన ఎదురు నడుస్తున్నారు. ప్రాణం లేచొచ్చింది. కార్యదర్శి దగ్గరికి పరిగెత్తి, ఇవి చెల్లవురా అన్నాను. వాడు ఫోన్ తీసి ఏదో నొక్కి, “1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అందరూ ఆ దిక్కునే పరిగెత్తార్రా” అన్నాడు. ఇంత చిన్న విషయానికి ఒలింపిక్స్ దాకా వెళ్లే మనిషితో ఏం వాదిస్తాం? నేనూ ఫోన్ తీశాను. ఆ ఏథెన్స్ ట్రాక్ చుట్టుకొలత 333 మీటర్లే. గుండె ఝల్లుమంది. అదే 1908 లండన్ ఒలింపిక్స్‌లో 536 మీటర్లు. ట్రాక్ అంటే అలా ఉండాలి, స్పాన్సర్ల బాధ తెలిసిన మనుషులు కట్టినట్టు.

అక్కడే నాకు ఎనిమిదో లేను ఆలోచన తట్టింది. ట్రాక్ 400 మీటర్లు అనేది మొదటి లేను మాట. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు, బయటికి జరిగేకొద్దీ రౌండు పెరుగుతుంది. ఎనిమిదో లేన్లో తిరిగితే 453 మీటర్లు దాకా వస్తుంది. 400 మీటర్ల పందెంలో ఆ లేను వాణ్ని అంత ముందు నిలబెట్టేది అందుకే. చదువుకునే రోజుల్లో నేను వాడికి ఏదో రికమెండేషన్ ఉందనుకునేవాణ్ని. ఇరవయ్యో రౌండు దగ్గర ఆయనకి ఎదురెళ్లి, “సార్, పిల్లలు తగులుతారు, అంచుకి రండి, అక్కడైతే చెట్ల నీడ కూడా” అన్నాను. “నువ్వు మా మంచివాడివయ్యా” అని అంచుకి జరిగారు. దీనివల్ల మొత్తం మీద ఒక నాలుగు రౌండ్లు మిగిలాయి. ఒక పెద్దాయన్ని రౌండుకి యాభై మీటర్లు ఎక్కువ నడిపించిన పాపం నాకు ఎలాగూ తగులుతుంది. తగిలింది కూడా.

ఎనిమిదీ నలభై ఎనిమిది. ముప్పై రెండో రౌండు.

ఫినిష్ లైన్ పక్కన బల్ల. బల్ల మీద గంట. కొయ్య పిడి ఉన్న ఇత్తడి చేతిగంట, అంచున చిన్న సొట్ట, లోపలి నాలుక పురికొసతో కట్టి ఉంది. ఒకప్పుడు పరీక్ష హాల్లో మోగిన గంటే అది. ఇంకా రెండు ప్రశ్నలు మిగిలుండగా దాని మోత విని ఎన్నిసార్లు పెన్ను కింద పెట్టానో! దూరపు పరుగు పందేల్లో ఆఖరి రౌండు మొదలవగానే గంట కొడతారని మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ పదింటికి కొట్టాలి. దాని దగ్గర ఉండాల్సిన కుర్రాడు ఫోన్ మాట్లాడుకుంటూ ఎటో వెళ్లాడు.

దాన్ని చేతిలోకి తీసుకున్నది బరువు చూద్దామనే. ఇది నిజం. బరువుంది. పిడి మా తరం చేతి చెమటకి నునుపు తేలి, చేతిలో చక్కగా ఇమిడింది. అవతల మలుపు తిరిగి నల్ల గొడుగు నెమ్మదిగా వస్తోంది. ఆయనొక్కరికీ వినపడేలా, మర్యాదగా, ఒక్కసారి కొడితే? పరీక్షలు రాయించిన మనిషి కదా, గంట వింటే ఆగాలని తెలియదా? ఇంతలో ఎవరో అటు చూశారు, ఇంకెవరో ఇటు పిలిచారు, నా చెయ్యి కదిలింది.

గంటకి మర్యాద తెలియదు. పరీక్ష హాలు గోడల మధ్య అణిగి ఉన్న ఇన్నేళ్ల మోతనీ ఒకేసారి బయటికి వదిలింది.

ట్రాక్ మీద ముప్పై మంది దాకా పిల్లలున్నారు. వాళ్లకి గంట వింటే కాళ్లే సమాధానం చెబుతాయి, బుర్ర దాకా వెళ్లదు. ఒక్కసారిగా అందరూ ప్రాణాలు పెట్టి పరుగందుకున్నారు. ధూళి లేచింది. జనం కుర్చీల్లోంచి లేచారు. ఎవడో ఈల వేశాడు. నిమిషంన్నరలో అందరూ గీత దాటి, గడ్డి మీద వెల్లకిలా పడి, ఆకాశం చూస్తూ రొప్పుతున్నారు. ఇక వాళ్లని లేపడం పీడీ గారి తాతతరం కాదు.

మైకు గర్జించింది. “ఇంకా గంట ఉంది! గంట ఎవరు కొట్టారు?”

జనానికి అర్థం కాలేదు. “గంట ఉందిగా, అందుకే కొట్టారు” అన్నారు ఎవరో ముందు వరసలోంచి. “అది కాదండీ, గంటకి పైగా టైముంది! గంట కొట్టాల్సింది పదింటికి!” “ఏ గంట?” ఈ సంవాదం కాసేపు నడిచింది. ఆ కాసేపట్లో నేను గంటని బల్ల మీద పెట్టేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. పెట్టలేదు. ఎందుకంటే ట్రాక్ వైపు చూస్తూ ఉండిపోయాను.

ఎనిమిదో లేన్లో గొడుగు కదులుతూనే ఉంది.

ఆయన ఆగలేదు. మావాడి మైకు గోల భరించలేక చెవి మిషన్ ఎప్పుడో తీసి చొక్కా జేబులో వేసుకున్నారట. చూడ్డానికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి జనమంతా ఆయన్నే చూశారు. ఒకరు చప్పట్లు మొదలెట్టారు. గడ్డి మీద పడున్న పిల్లలు కూడా లేచి కూర్చుని తాళం వేశారు. చెవికి వినపడకపోయినా కంటికి కనపడుతుంది కదా, ఆయన గొడుగు కొంచెం పైకెత్తి అడుగు పెంచారు.

మావాడు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నన్ను చూశాడు. గంటని చూశాడు.

“ఆయనకి ఉత్సాహంగా ఉంటుందని…” అన్నాను.

వాడు నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. “మంచి ఆలోచనరా. అయితే ప్రతి రౌండుకీ కొట్టు” అన్నాడు. అని ఊరుకోలేదు. మైకులో కూడా చెప్పాడు.

కొట్టాను. ఆయన నా ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ, నవ్వు మొహంతో, నా పూట జీతానికి నేనే గంట కొట్టాను. పన్నెండు సార్లు. మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాను కూడా.

పదింటికి ఆయన గొడుగు ముడిచి, మిషన్ చెవిలో పెట్టుకుని, “ఎన్నయ్యాయయ్యా? నేను లెక్క పెట్టుకోలేదు” అన్నారు. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, పధ్నాలుగు అని. “నలభై నాలుగు!” అని ఊరంతా అరిచింది. పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. నలభై నాలుగు పూటలంటే ఇరవై రెండు రోజులు. శని, ఆదివారాలు తీసేస్తే అదే నెల జీతం.

పిల్లల స్పాన్సర్లు మాత్రం గంట మోగిన దగ్గరే లెక్క ఆపేశారు. రూలు రూలే అన్నారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని మరీ ఊపాడు. సింథటిక్ ట్రాక్ మందం 13 మిల్లీమీటర్ల దాకా ఉండాలట. వచ్చిన డబ్బుకి ఆ లెక్కన పూత కూడా రాదని, దీనికి ‘ఒక సభ్యుడి అత్యుత్సాహం’ కారణమని మావాడు రాత్రి గ్రూపులో రాశాడు. పేరు రాయలేదు. కింద ఫొటో పెట్టాడు. అందులో ఉన్నది నేనూ, గంటా.

నిన్న ఇంకో మెసేజ్. గంట కనబడటం లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పరీక్షలొస్తున్నాయి అని.

మా బీరువా మీద ఉంది. చెప్పను.