కొంగకు క్షమాపణ

జిల్లాలోని కొంగలన్నిటికీ ముందుగా నా బహిరంగ క్షమాపణలు. 60 ఏళ్ళుగా మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. అందుకు కారణం మా అవ్వ. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలి.

మొన్న నెల్లూరు ఎగ్జిబిషన్‌లో మనవరాలికి బొమ్మల పుస్తకం కొన్నాను. 16 పేజీలు, 350 రూపాయలు. అట్టలు దళసరిగా ఉన్నాయి, పిల్ల కొరికినా చిరగవు. కొంగా ఎండ్రకాయా కథ. 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకట.

పాత కథ మీకు తెలిసిందే. వేటాడే ఓపిక లేని ముసలి కొంగ, చెరువు ఎండిపోబోతోందని దొంగ ఏడుపు ఏడుస్తుంది. అవతల నిండు చెరువుంది, ఒక్కొక్కరినీ మోసుకుపోతానంటుంది. బండ మీదికి తీసుకెళ్ళి తింటుంది. చివరికి ఎండ్రకాయ వంతు వస్తుంది. అది పైనుంచి బండ మీది ముళ్ళకుప్ప చూసి, కొంగ మెడ పటుక్కున కొరికేస్తుంది. మా అవ్వ ఇదంతా మా ఊరి చెరువులోనే జరిపించేది. కొంగ కలుజు దగ్గర ఒంటికాలి మీద నిలబడేది. కొరమేను వెంటనే నమ్మేది, జెల్ల కాస్త ఆలోచించి నమ్మేది. నాకు కన్ను మూతపడితే "ఏందబ్బయా, నిద్రపోయినావా? మెడ తెగేది ఇప్పుడే గదా!" అని తట్టి లేపి మరీ చెప్పేది.

350 రూపాయల పుస్తకంలో కొంగ చేపల్ని నిజంగానే నిండు చెరువుకు చేరుస్తుంది. ఒక్కో చేపనూ మెల్లగా దించి టాటా చెబుతుంది. ఎండ్రకాయ థాంక్యూ అంటుంది. ఆఖరి పేజీలో ఇద్దరూ కావిలించుకుంటారు. ఎండ్రకాయ కౌగిలి ఎట్లా ఉంటుందో మైపాడులో వలలు లాగేవాళ్ళని అడగండి. మరి కొంగ ఏం తిని బతుకుతుందనే బెంగ మీకొద్దు. 13వ పేజీలో దాని ముందు ప్లేటుంది, ప్లేటులో రెండు ఇడ్లీలున్నాయి.

ఈ శుభవార్త అర్జెంటుగా నేలపట్టు పక్షుల కేంద్రానికి చేరాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు తిరుపతి వైపు పోయింది గానీ, అక్కడి గూడబాతులకు, అంటే పెలికాన్లకు, ఆ జీవో ఇంకా అందినట్టు లేదు. గూడబాతు కొంగ కాదని పక్షిశాస్త్రం తెలిసినవాళ్ళు లేచి నిలబడొద్దు, చేపకు ఆ తేడా పట్టదు. కడప చెట్ల కింద షామియానా వేయిద్దాం. హలో హలో, మైక్ టెస్టింగ్. పెద్ద గూడబాతు ముఖ్య అతిథి. పుస్తకం ఆవిష్కరించి, తమ జాతి మీద శతాబ్దాలుగా పడ్డ నింద తొలగిందని కళ్ళు తుడుచుకుంటుంది. టిఫిన్ల దగ్గర సాంబారు ముక్కు కింది సంచిలో పోయించుకుని, ఇడ్లీలు విడిగా అడుగుతుంది. చెరువు తరఫున బొచ్చె చేప శాలువా కప్పుతుంది. శాలువా కప్పడానికి దగ్గరికి వెళ్ళిన బొచ్చె మళ్ళీ సీట్లోకి రాలేదేమని ఎవరూ అడగరు, సభా మర్యాద. కత్తెర కాళ్ళకు ఊలు మేజోళ్ళు తొడుక్కున్న ఎండ్రకాయ వందన సమర్పణ చేస్తుంది. గ్రూప్ ఫొటో. ఫొటోలో చేపలు కాస్త తగ్గినట్టు కనిపిస్తే అది కెమెరా లోపం.

పనిలో పనిగా నిఘంటువుల్లోంచి 'కొంగజపం' అనే మాట కూడా తీసేయించాలి. చిన్నయసూరి మీద కేసు పెట్టాలి. పుస్తకం పేరులోనే నీతి పెట్టుకున్న పెద్దమనిషి, 1853 నాటి తన నీతిచంద్రికలో దమనకుడనే ఆ నక్క చేత సారీ అయినా చెప్పించలేదు. ఒంగోలు గిత్తలాంటి సంజీవకుణ్ణి నక్క మాయమాటలకు సింహం చేత చంపించి, చచ్చినవాణ్ణి చచ్చినట్టే వదిలేశాడు. పాపం, ఆయనకు బాలల మనస్తత్వం తెలీదు.

సరే, నవ్వింది చాలు. కొంగ చెప్పిన అబద్ధం ఏమిటి? "ఈ నీళ్ళు ఇంక ఉండవు. నా వెంట వస్తే మంచి నీళ్ళు చూపిస్తా." ఈ మాట మన గడపల్లోకి ఎన్నిసార్లు రాలేదు! కువైట్‌లో ఇంటిపని, చేతినిండా జీతం అని అప్పు చేయించి ఆడపిల్లల్ని విమానం ఎక్కించిన ఏజెంటు ఏమన్నాడు? మా వీధి వీధంతా చీటీలు కట్టించుకుని, ఐపీ పెట్టి రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేసినవాడు ఏమన్నాడు? అందులో మా చెల్లెలి కూతురి పెళ్ళి డబ్బుంది. వాడి గేటుకు వేలాడే తాళం ముందు మా చెల్లెలు మూడు రోజులు కూర్చుంది. ఎండకు చెంగు నెత్తిన కప్పుకుని, పిలిచినా ఇంటికి రాకుండా కూర్చుంది. అట్లాంటి అబద్ధాన్ని నిజమని అచ్చేసి, రంగులు వేసి, మూడేళ్ళ పిల్ల చేతిలో పెడతారా? పైగా బండ మీద ఒక్క ముల్లు లేకుండా ఊడ్చి పెడతారా? ముళ్ళు చూస్తే పిల్లలు జడుసుకుంటారట! జడుసుకోనీండయ్యా! ఆ చెరువులో ముళ్ళు చూసి జడుసుకున్నది ఒక్కటే, బతికిందీ అదొక్కటే.

ఆ రాత్రి పుస్తకం చదివాక మనవరాలు 9వ పేజీ దగ్గరికి వెనక్కి తిప్పింది. నేనంతకుముందే దానికి అవ్వ కథ చెప్పి ఉన్నాను.

"తాతా, ముళ్ళేవి?"

నల్ల స్కెచ్ పెన్ తెచ్చి బండ మీద నాలుగు ముళ్ళు గీశాను. ఇంకా గీయమంది. కొరమేను తలకాయ కూడా ఒకటి వేశాను. వంటింట్లోంచి మా అమ్మాయి వచ్చి చూసి, "నాన్నా, మూడొందల యాభై పెట్టి కొన్న పుస్తకం!" అని నెత్తి కొట్టుకుంది. ఈ లోపల పిల్ల నా చేతిలోంచి పెన్ను లాక్కుని, నాలుక బయటపెట్టి, కొంగ మెడ మీద అడ్డంగా ఒక గీత గీసింది.