మొదటి రోజూ, మూడో రోజూ

గోదావరి డెల్టాలో వేసవి అంటే అన్నీ ఆగిపోయే కాలం. దాళ్వా కోతలు అయిపోతాయి, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు, ఊరి మంచినీళ్ళ చెరువును అంతకుముందే నింపి పెట్టుకుంటారు, లాకుల దగ్గర లస్కరు సైతం నీడపట్టు చూసుకొని తువ్వాలు పరుస్తాడు. ఇన్ని ఆగిన చోట విశ్వవిద్యాలయం ఒక్కటీ ఆగకుండా వేసవి సెమిస్టరు అని మొదలుపెట్టడం ప్రకృతివిరుద్ధమని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఈ అభిప్రాయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఫ్లూయిడ్ మెకానిక్స్ నన్ను తన్నేసిందని తెలిసిన రోజున ఏర్పడింది.

కాలువగట్టున పుట్టి, బోదెల్లో ఈత నేర్చుకొని, ఏడాదికి రెండుసార్లు పొలానికి నీళ్ళు పెట్టే ఇంట్లో పెరిగినవాడు నీళ్ళ శాస్త్రంలోనే తప్పడం మా నాన్నగారికి మింగుడు పడలేదు. ఆయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండును. మా కూడలిలో గుర్రమెక్కి కూర్చున్న కాటన్ దొర విగ్రహం వైపు చూపించి, “ఆ మహానుభావుడు 1852 నాటికి గోదావరికి ఆనకట్ట పూర్తి చేశాడు. నువ్వు 40 మార్కులు పూర్తి చేయలేకపోయావు” అని మాత్రం అన్నారు. నాటి నుంచి ఆ కూడలి మీదుగా వెళ్ళవలసి వస్తే తల వంచుకొనే వెళ్తున్నాను.

తప్పినవాళ్ళకోసం పెట్టిన ఆ సెమిస్టరు సోమవారం మొదలు. నాలుగైదు నెలలు చెప్పే పాఠాన్ని కొద్ది వారాల్లోకి కుక్కుతారు కాబట్టి ఒక్కరోజు పోతే వారం పోయినట్టేననీ, హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్షకే రానివ్వరనీ ముందే చెప్పారు. అందుచేత నేను ఈసారి యుద్ధానికి వెళ్ళేవాడిలా సిద్ధమయ్యాను. టైమ్‌టేబుల్ అట్ట మీద అంటించాను, ఫోనులో మూడు అలారాలు పెట్టాను, ఫీజు కట్టిన రసీదునూ రిజిస్ట్రేషను ఫారాన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎప్పుడో మొదటి సంవత్సరంలో కొన్న 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలును కూడా సంచిలో వేసుకున్నాను. నేను లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే. శనివారం మా ఇంట్లో ఆవకాయ పెట్టారు.

ఆవకాయ సంగతి తెలిసినవారికి ఆ మాట చాలు. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు తెచ్చి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కనూ పసిపిల్లవాడి ముఖం తుడిచినట్టు తుడిచి, ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి, పప్పునూనె పోసి జాడీకెత్తితే పని అయిపోయినట్టు కాదు. ముక్క ఊట ఊరుతుంది, పిండి ఆ ఊటను పీల్చుకుంటుంది, మూడో రోజున జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి అడుగు నుంచి తిరగకలిపి, రుచి చూసి, ఉప్పు చాలకపోతే వేసి, నూనె తేలకపోతే పోయాలి. శనివారం పెట్టిన ఆవకాయకు మూడో రోజు సోమవారం. వేసవిలో హాస్టలు మెస్సు సగం మూసి ఉంటుంది కాబట్టి జాడీ నాతో రావలసిందే. జాడీ నాతో వస్తే తిరగకలపవలసినవాడినీ నేనే.

“ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమ్మా” అన్నాను. “ఆవకాయని ప్లాస్టిక్‌లో పెడతారుట్రా?” అని అమ్మ పింగాణీ జాడీకి కొత్త గుడ్డ వాసెన కట్టి నా ఒళ్ళో పెట్టింది. “మధ్యాహ్నం దాటకుండా కలుపు. తడి చెయ్యి తగలనివ్వకు. ఉప్పు చూసి ఫోన్ చెయ్యి.” నా మూడు అలారాలకు ఇది నాలుగోది.

మా ఊరు సఖినేటిపల్లి వైపు. చించినాడ వంతెన మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళవచ్చు గానీ, వశిష్ఠ గోదావరి పాయ మీద బళ్ళనూ మనుషులనూ దాటించే పంటు ఉండగా చుట్టు తిరగడం మా వాళ్ళు అవమానంగా భావిస్తారు. పంటు ఎక్కితే అవతల నరసాపురం. అక్కడి నుంచి బస్సులో గంట. తొమ్మిదిన్నర తరగతికి ఏడున్నరకే రేవులో ఉన్నాను. పంటు మీద అప్పటికే డజనుకు పైగా మోటారు సైకిళ్ళు, ఒక కారు, అరటి గెలల ఆటో, పాల క్యానులు, పెళ్ళి శుభలేఖలు పంచడానికి బయలుదేరిన ఒక కుటుంబం ఉన్నారు. చల్లగాలి వీస్తోంది. జీవితంలో మొదటిసారి నేను సమయానికి ముందున్నానని సంతోషించాను. సరిగ్గా ఏటి నడుమ పంటు కిందనుంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది, గాలి తప్ప మిగిలినవన్నీ ఆగిపోయాయి.

ఇసుక మేట. సరంగు ఇంజను వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు, పొగ వచ్చింది గానీ పంటు రాలేదు. ఆయన ఇంజను కట్టేసి బీడీ ముట్టించుకోవడం చూసి నాకు కాళ్ళు ఆడలేదు.

“ఎంతసేపండీ?” అని అడిగాను.

“పాటు మీదుందండి బాబూ ఏరు. పోటు రావాలండి. వచ్చేస్తదండి, ఆయ్, రెండు గంటల్లో తేలిపోద్ది” అన్నాడు, అదేదో శుభవార్త చెప్పినట్టు. సముద్రం తీస్తే పాటు, పొంగితే పోటు. నా సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకం మీద ఆయన దృష్టి పడింది. “నీళ్ళ చదువాండి?” అన్నాడు. అవునన్నాను, తప్పానన్న సంగతి చెప్పలేదు. “మరి మీకు తెలీనిదేముందండి. రోజుకి రెండు ఘడియలు వెనక్కెళ్తది కదండీ పోటు. ఇయ్యాళ తిథేంటో చూసుకుని ఇంట్లోంచి బయల్దేరాలండి.”

చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి పోటుపాట్లూ అంతే ఆలస్యమవుతాయని నేను ఎక్కడో చదివాను. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. అమావాస్యకూ పౌర్ణమికీ ఏరు బాగా పొంగి బాగా తీస్తుందనీ, అష్టమి ప్రాంతాల్లో నీరసంగా ఉంటుందనీ సరంగు చెబుతుంటే, నేను టైమ్‌టేబుల్ అంటించుకున్న అట్ట మీద పంచాంగం అంటించుకోవలసిందని అర్థమైంది. మా సెమిస్టరు సిలబస్‌లో ద్రవాల ప్రవాహం గురించి బెర్నూలీ 1738లో చెప్పినది ఉంది గానీ, ఈ మేట ఎక్కడుందో లేదు.

ఎనిమిదిన్నరకు ఎండ ఎక్కింది. పంటు కాస్త ఒక పక్కకు ఒరిగి ఉండటంచేత జాడీ కూడా ఒరిగింది; వాసెన గుడ్డ మెల్లగా ఎర్రబడి, నూనె చుక్కలు చుక్కలుగా నా సంచి మీదికి దిగడం మొదలుపెట్టింది. రెండు చేతులతో జాడీని నిలబెట్టి పట్టుకున్నాను. శుభలేఖల కుటుంబంలోని పెద్దావిడ ముక్కు ఎగబీల్చి, “కొత్తావకాయేనా బాబూ?” అని అడిగారు. అవునన్నాను. “ఎన్నో రోజు?” మూడోదన్నాను. ఆవిడ ముఖం, ప్రమాదం జరిగిన చోట వైద్యుడి ముఖంలా మారిపోయింది. “మరి కలపవేం?”

చుట్టూ ఎటు చూసినా గోదావరి, మాకు కావలసింది తడి తగలని గరిటె. పాల క్యానులవాడి దగ్గర కొలపాత్ర ఉంది గానీ అది తడి. ఆటో డ్రైవరు స్పానరు ఇవ్వబోయాడు. చివరకు నా సంచిలోని స్టీలు స్కేలు బయటికి వచ్చింది. మొదటి సంవత్సరం నుంచి ఏ గీతా గీయని ఆ స్కేలును పెద్దావిడ పట్టుచీర చెంగుతో తుడిచి, వాసెన విప్పి, అడుగు నుంచి పైకి, పైనుంచి అడుగుకు, చూస్తున్నవాళ్ళందరూ మాటలు మానేసేంత శ్రద్ధగా కలిపారు. నూనె పైకీ పిండి కిందికీ ఎందుకు వెళ్తాయో, చిక్కటిది నెమ్మదిగా ఎందుకు కదులుతుందో నేను ఒక సెమిస్టరంతా చదివి రాయలేకపోయినదంతా నా ఒళ్ళోనే జరిగింది. నేను జాడీ పట్టుకున్నాను, అంతే.

ఇక ఉప్పు చూడాలి. పెద్దావిడ ఒక ముక్క తీసి నోట వేసుకొని, కళ్ళు మూసుకొని, “ఒక పిసరు తక్కువైనట్టుంది” అన్నారు. వాళ్ళాయన ఒక ముక్క వేసుకొని సరిపోయిందన్నారు. ఇంటిపెద్దలకు ఇలాంటి విషయాల్లో ఏకాభిప్రాయం కుదరదు కాబట్టి మూడో మనిషి అవసరమయ్యాడు. పాలవాడు తక్కువన్నాడు, కారులో ఆయన ఎక్కువన్నారు, ఆటో డ్రైవరు తన చద్దన్నం కేరియరు తెరిచి, ఉత్తి ముక్క తింటే ఉప్పు తెలియదని, అన్నంలో కలిపితేనే తెలుస్తుందని శాస్త్రబద్ధమైన మాట ఒకటి అన్నాడు. ఆ మాటతో మరి రెండు కేరియర్లు తెరుచుకున్నాయి. సరంగు మాత్రం తనకు రక్తపోటు ఉందని వద్దన్నాడు. తరువాత, పోటు వచ్చేదాకా ఏ పోటూ ఏమీ చేయదని తనకు తానే చెప్పుకొని రెండు ముక్కలు తీసుకున్నాడు. నా రెండు చేతులూ జాడీకే అంకితమై ఉన్నాయి. ఎవరైనా నోట్లో పెడతారేమోనని చూశాను గానీ, ఆ సమయంలో ఎవరి దృష్టీ నా ముఖం మీద లేదు.

పదిన్నరకు పంటు తనంతట తాను ఒక్క ఊపు ఊగి లేచింది. ఎవరూ సంతోషించినట్టు కనిపించలేదు.

నేను తరగతి గది చేరేసరికి పన్నెండు. పాఠం అయిపోయింది. మాస్టారు వరండాలో ఎదురై, ఆలస్యానికి కారణం అడిగారు. “పాటు తీసిందండీ” అన్నాను. ఆయనదీ ఈ ప్రాంతమే కాబట్టి అబద్ధమనలేదు. నా చేతిలోని రిజిస్ట్రేషను ఫారం తీసుకొని వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూశారు. ప్లాస్టిక్ కవరు ఏ మూలనో చిరిగిందట. నూనె చక్కగా ఇంకి, ఫ్లూయిడ్ మెకానిక్స్ అని రాసిన చోట కాగితం అవతలి గోడ కనిపించేంత పారదర్శకమై ఉంది. “ఈ సబ్జెక్టు నీకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించి ఉండదు” అని, వాసన చూసి, సంతకం చేశారు.

హాస్టల్లో నలుగురు మిత్రులు వేడి అన్నమూ నెయ్యీ సిద్ధం చేసుకొని కూర్చున్నారు. వాసెన విప్పాం. ఎర్రటి నూనె నిండుగా, నిశ్చలంగా, గోదావరి మీద సాయంకాలపు వెలుగులా మెరుస్తోంది. స్కేలు దించి అడుగంతా గాలిస్తే పిండీ, ముక్కలు ఊడిపోయిన రెండు టెంకలూ తగిలాయి. మిత్రులు ఆ జాడీ వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తుండగా ఫోను మోగింది.

“కలిపావురా?”

“కలిపామమ్మా.”

“ఉప్పు?”

“సరిపోయిందట.”

అవతల కాసేపు నిశ్శబ్దం.

“సరిపోయిందట ఏమిట్రా? నువ్వు తినలేదా?”